డైరెక్టు రమణ కట్టిన దారం

అనకాపల్లిలో ఏ టాక్సీ డ్రైవర్ని కదిపినా డైరెక్టు రమణ ఎవరో చెప్తాడు. అసలు పేరు అప్పలరమణ. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే, తననే పిలుస్తున్నారని తెలుసుకోడానికి అతనికే ఓ నిమిషం పట్టేది. సుంకరమెట్ట జంక్షన్లో టాక్సీ స్టాండుకి ఎదురుగా అతని రేకుల షెడ్డు. దానికి బోర్డు లేదు. బోర్డెందుకు, బండి పాడైనోడు వెతుక్కుంటూ వస్తాడు కదా అనేవాడు. ఇరవై రెండేళ్ళుగా వస్తూనే ఉన్నారు మరి.

ఈ డైరెక్టు సంగతేమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత జరిగింది తలకెక్కదు. బండిలో కరెంటు వెళ్ళే ప్రతి లైనుకీ మధ్యలో ఫ్యూజని ఒక చిన్న ముక్క ఉంటుంది. ఎక్కడైనా వైరు ఒరుసుకుపోయో, మోటారు పట్టేసో కరెంటు ఎక్కువ లాగితే, ముందు అదే కాలిపోయి లైను తెంపేస్తుంది. దాని ఉద్యోగమే చచ్చిపోవడం. అది మాటిమాటికీ పోతోందంటే లోపల ఎక్కడో రోగం ఉందన్నమాట. ఆ రోగం వెతకడానికి ఒక పూట పట్టొచ్చు, రెండ్రోజులూ పట్టొచ్చు. పెళ్ళిళ్ళ రోజుల్లో టాక్సీవాడికి రెండ్రోజులు ఎక్కణ్ణించి వస్తాయి? అప్పుడు రమణ దగ్గరికొచ్చేవాళ్ళు. అతను ఫ్యూజు పీకి అవతల పారేసి, అటు వైరుకీ ఇటు వైరుకీ ఓ లావుపాటి వైరు ముక్క కలిపేసేవాడు. ఐదు నిమిషాల పని. అదే డైరెక్టు. ఏసీ గుయ్యిమని తిరిగేది, డ్రైవరు మొహం విప్పారేది.

"రమణ మామ సెయ్యి పడితే మళ్ళీ ప్యూజు పోవడమన్నది లేదు" అని స్టాండంతా చెప్పుకునేది. పోడానికి అక్కడ ఫ్యూజుంటే కదా. ఆ ముక్క ఒక్కడికీ తట్టలేదు, తట్టినా పైకి అనలేదు.

రమణ చెడ్డవాడని అనుకునేరు. కాదు. బీదవాళ్ళ బండి అయితే టీ తాగించమని సరిపెట్టుకునేవాడు. పనిలో చెయ్యి చాలా నాజూకు. ఎడంచేతి వాటం. వైరు పన్నుతో ఒలిచి ఒలిచి పై పన్నుకో గాడి పడింది. కరెంటు కొలిచే మీటరూ గీటరూ వాడడు, రెండు వైర్లు తగిలించిన బల్బొకటి, టెస్టరొకటి, అంతే సామాను. వైరు మీద రెండు వేళ్ళు ఆనించి, ఇది వేడెక్కుతోంది అని చెప్పేవాడు, అది నిజమయ్యేది. అంత తెలిసినవాడికి డైరెక్టు తప్పని తెలీదా? తెలుసు. లోపల ఎక్కడో భయం ఉండేది. ఆ భయానికే అతనో దారి కనిపెట్టుకున్నాడు.

ఏటేటా ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్య జాతరకి నూకాలమ్మ గుడికి వెళ్ళి, కాసులమ్మ చేత పసుపులో నానబెట్టించిన దారం ఉండ అమ్మోరి పాదాల దగ్గర పెట్టించి తెచ్చుకునేవాడు. కాసులమ్మంటే అతని భార్య. ఎవరి బండికైనా డైరెక్టిచ్చినప్పుడు, వైరు అతుకు మీద ఆ దారం మూడు చుట్లు చుట్టి, ముడేసి, పైన నల్ల టేపు వేసేసేవాడు. టేపు కింద దారం ఉందని ఆ బండివాడికి కూడా తెలీదు. కాసులమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఫ్యూజు చెయ్యాల్సిన పని అమ్మోరికి అప్పజెప్పేసి, తను నిశ్చింతగా నిద్రపోయేవాడన్నమాట. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచిపోయింది. అమ్మోరు చూస్తోందనే అనుకున్నాడు.

రోడ్డుకి అవతల రెండేళ్ళ కిందట నూకరాజనే అతను షాపు పెట్టేడు. ఐటీఐ చదివి, విశాఖలో ఐదేళ్ళు పనిచేసి వచ్చినవాడు. ముప్పై నిండలేదు. మీటరు లేనిదే బండి ముట్టుకోడు, డైరెక్టు ఇవ్వమంటే ఇవ్వడు. బండి వదిలెళ్ళండి, ఎక్కడ తేడా ఉందో చూస్తానంటాడు. రమణ అతన్ని డాక్టరుబాబు అనేవాడు. డాక్టరుబాబు రక్తపరీక్ష రాసేడా, బండికి గ్లూకోజు ఎక్కిస్తన్నాడా అని ఎదురుగా కూచుని ఆటపట్టిస్తుంటే స్టాండు స్టాండంతా నవ్వేది. నూకరాజు మారుమాటాడేవాడు కాదు. ధర్మేంద్ర అని ఒక్క డ్రైవరు మాత్రం అతని దగ్గరికే పోయేవాడు, ఆ పాపానికి అతన్నీ కలిపి ఏడిపించేవాళ్ళు.

ఇక ఆ మార్చి నెల సంగతి. రెండువేల ఏడు. కొత్త అమావాస్య ఇంకా పది రోజులుంది, ఎండలు అప్పుడే ముదిరిపోయేయి. శుక్రవారం మధ్యాహ్నం రమణ భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే, కన్నబాబు బండి తగలడిపోయిందని స్టాండులో కేక వినబడింది. చెంబు చేతిలోంచి జారిపోయింది. కన్నబాబు రోజూ కళ్ళముందు తిరిగే మనిషి. నాలుగు నెలల కిందటే ఓ పాత అంబాసిడర్ కొనుక్కుని, తెల్లరంగు వేయించి, ఏసీ బండని గొప్పగా తిప్పుకుంటున్నాడు.

జరిగింది ఇదీ. మాకవరపాలెం దగ్గర చెరుకు పండించే పోతన్నని ఒకాయన, తల్లి బంగారుతల్లికి విశాఖలో కంటి ఆపరేషను చేయించి ఇంటికి తీసుకెళ్తున్నాడు. కంట్లో దుమ్ము పడకూడదు, అద్దాలు మూసుకుని వెళ్ళండని డాక్టరు చెప్పేడట. అందుకే కోరి కోరి ఏసీ బండి మాట్లాడుకున్నాడు. ఆమె వెనకసీట్లో, ఒక కంటికి గుడ్డ కట్టుకుని, రెండో కంటికి చూపు ఎలాగూ లేక, కాళ్ళు కింద పెట్టుకుని కూచుంది. తాళ్ళపాలెం దాటి నర్సీపట్నం రోడ్డెక్కేరు. అప్పుడామె అంది, పాకం మాడబెట్టేరు బాబూ, పొయ్యి దగ్గర ఎవలూ లేరేటి, అని.

మనవైపు మార్చి నెలలో ఆ రోడ్డున మాడు వాసన వస్తే ఎవడు మాత్రం బండి ఆపుతాడు చెప్పండి. అటూ ఇటూ చెరుకు ఆడుతుంటారు, బెల్లం వండుతుంటారు. కన్నబాబు నవ్వేడు. పోతన్న అద్దంలోంచి గానుగ ఎక్కడుందా అని వెతికేడు, పెనంలో కలియబెట్టకపోతే ఇలాగే అవుతుందని ఆ కనబడని రైతుని తిట్టేడు కూడా. మళ్ళీ ఓ మైలు పోయేక ఆమె కాళ్ళు కాలుతున్నాయంది. ఎండకమ్మా అన్నాడు కొడుకు. ఇంకాస్త దూరం పోయేసరికి సీటు కిందనించి పొగ వచ్చి బండంతా నిండిపోయింది. తలుపు తీసి తల్లిని రోడ్డు మీదకి లాగేసరికి ఆమె చెప్పులు కింద మ్యాటుకి అతుక్కుని లోపలే ఉండిపోయేయి. వెనకాలొస్తున్న లారీ డ్రైవరెవరో పరిగెత్తుకొచ్చి బ్యాటరీ వైరు పీకి, ఇసక పోసేడు. లేకపోతే బండి బూడిదే. కన్ను బాగానే ఉంది. రెండు పాదాలూ బొబ్బలెక్కిపోయేయి. వెనక్కి తెచ్చి అనకాపల్లి ఆసుపత్రిలో చేర్చేరు.

మర్నాడు శనివారం పొద్దున్న పదింటికి పోతన్న స్టాండుకొచ్చేడు. అరవలేదు. బల్ల మీద కూచుని, మా అమ్మ కాళ్ళు కాల్చినోడెవడో చెప్తే పోతానన్నాడు. అరిస్తేనే బాగుండేది. 

కన్నబాబు ఆ పళంగా నూకరాజు పేరు చెప్పేడు. వారం కిందట ఏసీ ఓసారి చల్లగా, ఓసారి గోరువెచ్చగా వస్తోందని, పొద్దున్న లేచేసరికి బ్యాటరీ దిగిపోతోందని నూకరాజుకి చూపించేడట. అతను చెయ్యి పెట్టిన వారానికే తగలడింది కాబట్టి అతనే చేసేడని లెక్క. నూకరాజు షాపులోంచి వచ్చి నెమ్మదిగా చెప్పుకున్నాడు. అరగంట చూసేను, బండి ఆపేసి ఉన్నా ఎక్కడో కరెంటు కారిపోతోందని మీటరు చెప్పింది, రెండ్రోజులు వదిలెళ్ళమన్నాను, ట్రిప్పుందని ఇతనే తీసుకెళ్ళిపోయేడు. ఇంతే అతను చెప్పింది. ఒక్కడు వింటే ఒట్టు. నిన్నటిదాకా నవ్వించిన మీటరే ఇవాళ వాళ్ళకి తప్పుడు సామానులా కనబడింది.

స్టాండుకి పెద్ద సత్తియ్య. అరవయ్యేళ్ళ మనిషి, ఎవరిమీదా మాట తూలడు. రమణ బావ బండి చూసి చెప్పనీండి, అతను ఏ మాటంటే అదే మాట, నూకరాజు తప్పని తేలితే సాయంత్రానికి షాపు మూసుకుని పోవాలి, అన్నాడు. అందరూ సరేనన్నారు. పోతన్న తలూపేడు. నూకరాజు భార్య నెలలు నిండిన మనిషి, ఆ షాపు తప్ప వేరే ఆధారం లేదు. ఆ సంగతి రమణకి తెలుసు. తెలిసి, తీర్పు తన చేతికొచ్చినందుకు లోపల కాస్త మురిసిపోయేడు కూడా. దాచడం ఎందుకు, ఉన్నదే చెప్పాలి కదా.

కాలిన బండిని తాడేసి లాక్కొచ్చి రమణ షెడ్డు ముందు పెట్టేరు. వెనకతలుపు తీసి చూడగానే అతని మురిపెమంతా పోయింది. మ్యాటు మీద రబ్బరు చెప్పులు రెండూ కరిగి అతుక్కుపోయి, మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉన్నట్టున్నాయి.  నిలబడ్డవాళ్ళందరూ వినేలా అన్నాడు.

"ఈ పని సేసినోడు మళ్ళీ ఈ ఊళ్ళో టెస్టరు ముట్టుకోకూడదు. ఎవుడైనా సరే."

అందరి తలలూ నూకరాజు వైపు తిరిగేయి. అతను చేతిలో మీటరు పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడ్డాడు.

రమణ పని మొదలెట్టేడు. వెనకసీటు కింద ఓ బ్లోయరుంది, వెనక కూచున్నవాళ్ళకి చల్లగా ఉండడానికి ఎవరో తర్వాత పెట్టించింది. స్విచ్చి కూడా వెనకే. అంటే బ్యాటరీనించి వచ్చే వైరు మ్యాటు కిందనించి అక్కడిదాకా వచ్చి, బండి ఆపినా ఆపకపోయినా కరెంటుతోనే ఉంటుంది. మ్యాటు పట్టి లాగితే రాలేదు. కింద నల్లగా గట్టిగా ఏదో పేరుకుపోయుంది. స్క్రూడ్రైవరుతో పెళ్ళగించి వాసన చూసేడు. బెల్లం. ఎప్పుడో కరిగి కారి, దుమ్ముతో కలిసి, ఇప్పుడు మాడి బొగ్గయిపోయిన బెల్లం. అంత కాలినా దానికి చీమలు బారుకట్టి వస్తున్నాయి. వైరు మీద తొడుగు ఎలకలు కొరికేసేయి. బెల్లం కోసం వచ్చిన ఎలకలు, వైరు ఊరుకుంటాయా. రాగి బయటపడి, బెల్లం తడిలో కూచుని, నెలల తరబడి కొంచెం కొంచెం కరెంటు కారుస్తూ వచ్చి, నిన్న పూర్తిగా బాడీకి తగిలేసింది. నూకరాజు మీటరు చెప్పింది నిజమే. ఆ ముసలామె ముక్కు చెప్పిందీ నిజమే.

సరే, తగిలింది. తగిలితే ఫ్యూజు పోవాలి. ఎందుకు పోలేదు?

వైరు వెంటపడి ముందుకెళ్ళేడు. సీటు కింద, తలుపు పక్కన, డాష్‌బోర్డు వెనక, పొడుగునా తొడుగంతా కరిగి కారిపోయింది. బానెట్టెత్తేడు. వైరు ఇంజను పక్కనించి బ్యాటరీ వెనక్కి పోయింది. అక్కడ కంటికి ఏమీ కనబడదు. చెయ్యి వెనక్కి పెట్టి తడమాలి, అదీ ఎడంచెయ్యే పడుతుంది. రమణ ఎడంచెయ్యి పెట్టేడు. బ్యాటరీ తొట్టి కింద, వెనకమూల, ఓ మడతలో చెయ్యి సూటిగా వెళ్ళి ఆగింది. వెతుక్కోలేదు. దానికి ఆ చోటు ముందే తెలుసు.

రమణ చెయ్యి వెనక్కి తీసుకోబోయి ఆగేడు.

వేళ్ళకి లావుపాటి వైరు ముక్క తగిలింది. బండిలో వైరంతా బొగ్గయినా అది మెత్తగా, చెక్కుచెదరకుండా ఉంది. లావుది కదా, అది వేడెక్కదు, ముందున్న సన్నవైర్లన్నిటినీ మాడ్చి తను మాత్రం సుఖంగా ఉంటుంది. మెల్లిగా బయటికి లాగేడు. మెలి ఎడంవైపు తిరిగుంది. గోటితో టేపు అంచు లేపేడు. లోపల పచ్చగా, నిన్న కట్టినంత పచ్చగా, మూడు చుట్లు దారం.

అప్పుడు గుర్తొచ్చింది. ఇది ధనరాజ్‌గారి బండి. బెల్లం మార్కెట్లో వ్యాపారం, శాంపిలు దిమ్మలు ఎప్పుడూ సీటుకింద పడుండేవి. అప్పుడిది మీగడ రంగులో ఉండేది. రెండేళ్ళ కిందట కోటవురట్లలో పెళ్ళికి టైమైపోతోందని, ఇంజను ఆపకుండానే, తొందర తొందర అంటుంటే తనే చేసేడు. రంగు మారేసరికి బండిని పోల్చుకోలేకపోయేడు. చెయ్యి పోల్చుకుంది.

అతని వెనక పద్నాలుగుమంది డ్రైవర్లున్నారు. ఒక్కడికీ అతని చేతిలో ఏముందో కనబడదు. ఒక్క లాగు లాగి జేబులో పడేస్తే చాలు. లోకంలో ఎవరికీ తెలీదు. కాసులమ్మకి తెలుసు, ఆమె కూడా చెప్పదు. రమణ గుప్పిట బిగించేడు కూడా.  ఇరవై రెండేళ్ళ పేరు, ఒక్క పసుపు దారం ముక్క మీద వేలాడుతోంది. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది.

పోతన్న బల్ల మీంచి లేచి వచ్చి, దొరికిందేటి బాబూ అని అడిగేడు. ఆ గొంతులో కోపం లేదు, వట్టి అలసట. రాత్రంతా తల్లి మంచం పక్కన కూచున్న మనిషి. రమణ తలెత్తి చూస్తే అతని భుజం మీంచి నూకరాజు కనబడ్డాడు. అతను తన షాపు వైపు చూసుకుంటున్నాడు.

"నూకరాజు కాదు" అన్నాడు రమణ. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాడు. "నూకరాజు కాదు. నేనే సేసేను. ప్యూజు నేనే పీకేసేను."

 తర్వాత జరిగింది రమణ కలలో కూడా అనుకోనిది. ఒక్కళ్ళూ నమ్మలేదు. కన్నబాబు నవ్వబోయి ఆగి, నేను కొన్నాక నా బండి మీద నువ్వు చెయ్యే వెయ్యలేదు కదా మామా, అన్నాడు. పక్కనున్నవాళ్ళు ఔనౌనన్నారు. సత్తియ్య కళ్ళు తుడుచుకున్నాడు. కడుపుతో ఉన్న పిల్లని తల్చుకుని, తప్పు తన మీద వేసుకుంటన్నాడు రమణ బావ, ఎంత పెద్ద మనసు, అన్నాడు. రమణ దారం చూపించేడు. ఎవరి దారమో ఏమో, బండికి ఎవరైనా కడతారన్నారు. నోరు విప్పి ఇంకేదో చెప్పబోతుంటే నూకరాజు వచ్చి వంగి కాళ్ళు ముట్టుకున్నాడు.

అదీ దెబ్బ. తను రెండేళ్ళు ఏడిపించిన మనిషి, తను చేసిన తప్పుకి బలి కాబోయినవాడు, తన కాళ్ళే పట్టుకున్నాడు. రమణ పాదాలు వెనక్కి లాక్కున్నాడు. గబగబా రోడ్డు దాటి స్టాండులోకి వెళ్ళిపోయేడు. ఏమైందో తెలీక అందరూ వెనకాలే వచ్చేరు.

"సత్తియ్య బావా, నీ బండి బానెట్టెత్తు."

సత్తియ్య ఎత్తేడు. రమణ బ్యాటరీ వెనక ఎడంచెయ్యి పెట్టి, చూడకుండానే ఓ వైరు ముక్క బయటికి లాగి, టేపు ఒలిచేడు. పచ్చటి దారం, మూడు చుట్లు. పక్క బండి. పచ్చటి దారం. దాని పక్కది. దారం. ఏ బండిలో ఎక్కడ దాచేడో, ఏది హారనుదో, ఏది లైట్లదో, ఏది ఏసీదో, ఏదీ వెతుక్కోలేదు. నాలుగో బండి దగ్గరికొచ్చేసరికి డ్రైవర్లకి అర్థమైపోయింది. ఆ పైన ఎవరికి వాళ్ళే వెళ్ళి బానెట్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. రమణ ఒక్కొక్క బండి దగ్గరికీ వెళ్ళేడు. నుదుటి మీంచి చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోలేదు. కన్నబాబుది కాక స్టాండులో పదమూడు బండ్లున్నాయి. పదింటిలో దారం ఉంది.

ఎవరూ తిట్టలేదు. తిడతారని రమణ ఎదురుచూసేడు. సత్తియ్య తన బండి పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"నా మనవరాలు రోజూ ఈ బండిలోనే బడికెల్తంది బావా" అన్నాడు.

 బంగారుతల్లికి కాళ్ళు కాలేయి కాబట్టి తెలిసింది. లేకపోతే ఆ పిల్ల కాలేది. లేదా ఇంకెవరో. అమ్మోరు ఇన్నేళ్ళూ చూస్తోందనుకున్నాడు. అమ్మోరు తన దారాన్ని కాపాడుకుంది, అంతే. బండినీ మనిషినీ చూసుకోమని ఆ ఫ్యూజుకి అప్పజెప్పింది, దాన్ని తనే పీకి పారేసేడు.

పోతన్న అదంతా చూస్తూ నిలబడ్డాడు. కొట్టడానికే వచ్చినట్టున్నాడు, ఆ చేతులు రెండూ ఏం చెయ్యాలో తెలీక వేలాడుతున్నాయి. చివరికి అడిగేడు.

"మద్దేన్నం మాయమ్మని ఇంటికి తీసుకెల్లాల. ఇందుల దారం లేని బండేదో సెప్పండి."

మూడున్నాయి. రెండింటికి బ్రేకులు విప్పి పెట్టున్నాయి. మిగిలింది ధర్మేంద్ర బండి. దాని ఏసీ ఫ్యూజు పోయి ఆరు రోజులైంది, నూకరాజు ఇంకా కారణం వెతుకుతూనే ఉన్నాడు. ఆరు రోజులుగా స్టాండంతా ఆ బండిని చూసి నవ్వింది. ఆ మధ్యాహ్నం బంగారుతల్లి అందులోనే అద్దాలు దింపుకుని, కంటి కట్టు మీద ఇంకో పొడిగుడ్డ చుట్టుకుని, కట్లు కట్టిన కాళ్ళు కొడుకు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. వెళ్ళేముందు రమణ ఆమె దగ్గరికి వచ్చేడు. ఆమెకి అతను కనబడలేదు. ఎవల్నాయనా అని అడిగింది. చెప్పేడు. వాసనొచ్చిందని నాను సెప్పేను బాబూ, అందామె. 

రమణ షెడ్డుకొచ్చి టెస్టరూ, బల్బూ తీసి నూకరాజు చేతిలో పెట్టేడు. పొద్దున్న పదిమందిలో అన్న మాట, తనకి మాత్రం వర్తించదా. నూకరాజు తీసుకున్నాడు గానీ అక్కణ్ణించి కదల్లేదు.

"నువ్వు టెస్టరు ముట్టుకోకపోతే మానేయ్ మామా. రావడం మాత్రం రావాలి. ఎక్కడెక్కడ దాసేవో నీకొక్కడికే తెలుసు. నీ సెయ్యి లేకపోతే నాకు దొరకవు" అన్నాడు.

అలా మొదలైంది. రమణ చెయ్యి పెట్టి లాగేవాడు, నూకరాజు మీటరు పెట్టి రోగం వెతికి ఫ్యూజు వేసేవాడు. స్టాండులో పది బండ్లకి నాలుగు రోజులు పట్టింది. కొన్నిట్లో వైరు అప్పటికే లోపల నల్లబడి ఉంది. కానీ స్టాండు ఒక్కటేనా. ఇరవై రెండేళ్ళలో నాతవరం బండ్లు, కోటవురట్ల బండ్లు, పాడేరు నించి దిగొచ్చిన జీపులు, చేతులు మారినవి, రంగులు మారినవి, ఎన్నో లెక్క లేదు. లెక్క పెట్టుకుంటే కదా. ఏటా ఒక ఉండ దారం అయిపోయేది, అదొక్కటే తెలుసు. ఆ కొత్త అమావాస్యకి కాసులమ్మ పసుపు తడిపి, దారం ఏదీ అని అడిగితే రమణ ఒక్కసారిగా ఏడ్చేసేడు. ఆమె హడలిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఏడవగా చూడలేదు.

జాతర మర్నాటి నించి అతను షెడ్డులో కూచోవడం మానేసేడు. పొద్దున్న ఎనిమిదింటికే జంక్షన్లో రోడ్డు మీద నిలబడేవాడు. పాత బండి కనబడితే చెయ్యెత్తి ఆపేవాడు. కొందరు పిచ్చెక్కిందనుకుని పక్కనించి పోనిచ్చేసేవాళ్ళు. ట్రాఫిక్ కానిస్టేబులు రెండుసార్లు గెంటేసేడు, సంగతి విని మూడోసారి తనే ఈల ఊది బండ్లు ఆపిపెట్టేడు.

అలా ఒకరోజు నర్సీపట్నం వైపునించి ఓ నల్ల అంబాసిడర్ వచ్చింది. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, లోపల ఏసీ. వెనక పెళ్ళికెళ్తున్న ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు, మొత్తం ఎనిమిదిమంది ఇరుక్కుని కూచున్నారు. డ్రైవరు అప్పారావని, నాతవరం మనిషి. రమణని చూసి సంబరంగా బండి పక్కకి తీసి, అద్దం దింపి, లోపలివాళ్ళకి వేలితో చూపించి మరీ చెప్పేడు.

"ఈ మామే నేను సెప్పింది. ఆరేళ్ళయింది ఈయన సెయ్యేసి. ఇంతవరకు ఒక్క ప్యూజు పోలేదు."

పిల్లలు అతన్ని చూసి నవ్వేరు. రమణ, ముందు అందర్నీ దింపెయ్ నాయనా అని, బానెట్టు కింద ఎడంచెయ్యి పెట్టేడు.